వెచ్చని పట్టకారు

ఉక్కు పరీక్షల గదిలో ముక్కలు విరగ్గొట్టడమే పదకొండేళ్లుగా అక్క ఉద్యోగం. అంత అనుభవమున్న మనిషి పట్టకారు దగ్గర అడ్డదారి తొక్కిందంటే ఏమనాలి? మైనస్ ముప్పై డిగ్రీల ద్రవంలో నానిన ముక్కని తీసి, అయిదు సెకన్లలో లోలకం సుత్తితో కొట్టాలి. ముక్కని పట్టే పట్టకారు కూడా ఆ చలిలోనే ఉండాలి, లేకపోతే ముక్క వేడెక్కి ఉన్నదానికన్నా గట్టిగా కనబడుతుంది. పోయిన వారం, తొడుగులున్నా వేళ్లు కొరికేస్తున్నాయని ఆవిడ దాన్ని బల్ల మీద పడేసింది. ఆ వెచ్చని పట్టకారుతోనే మూడు ముక్కలూ పెట్టింది. ముక్క విరగడానికి కనీసం ఇరవై ఏడు జూల్స్ శక్తి పట్టాలి. ఇరవై తొమ్మిది, ముప్పై, ముప్పై ఒకటి వచ్చాయి. సంతకం పెట్టేసింది.

ఆ ఉక్కుతో చేసిన కొక్కెం శీతల గిడ్డంగికి వెళ్లింది. అక్కడ క్రేను నడిపేది ఆవిడ తమ్ముడే. ఇంట్లో వాణ్ణి దూకుడు అంటారు. తలుపు తీసినా, కంచం పెట్టినా ఒకటే విసురు.

ఈ పొద్దున పట్టకారు ఇంకా బల్ల మీదే కనబడగానే అక్కకి ఆ మూడు ముక్కలూ, తమ్ముడి కొక్కెం గుర్తొచ్చాయి. ఆ ఉక్కులో మిగిలిన ఒక్క ముక్కనీ, పట్టకారునీ కలిపి ద్రవంలో ముంచింది. పావుగంట ఆగాలి. కూర్చుంది, లేచింది, గడియారం చూసింది, మళ్లీ కూర్చుంది. చివరికి సుత్తి వదిలితే పన్నెండు వచ్చింది. విరిగిన చోట పంచదార పలుకుల్లా మెరుస్తోంది, పెళుసు ఉక్కు విరిగినట్టే.

పట్టకారు మళ్లీ ద్రవంలో పడేసి వెంటనే తమ్ముడికి ఫోన్ చేసింది. మూడోసారికి ఎత్తాడు.

"పనిలో ఉన్నానక్కా."

"కొక్కేనికి బరువుందా?"

"రెండు టన్నులు. గాల్లో ఉంది."

"కిందున్న వాళ్లని పక్కకి పంపు. మెల్లగా దించెయ్."

"పిచ్చా నీకు? మొన్న నాలుగు టన్నులు గంటసేపు వేలాడదీశాం. చెక్కు చెదరలేదు."

"ఎక్కడ? బయట ఎండలోనేనా?"

"ఆఁ, బయటే."

"అందుకే. వెచ్చగా ఉన్నప్పుడు మెల్లగా లాగితే కాస్త సాగి ఓర్చుకుంటుంది. ఆ చలిలో ఒక్క కుదుపు తగిలితే సాగదురా, పుటుక్కున విరుగుతుంది. నీ విసుర్లు ఇవాళ్టికి కట్టిపెట్టు."

వాడు ఎవరినో తప్పుకోమని కేకేశాడు. తర్వాత మోటారు మూలుగు. పుట్టి బుద్ధెరిగాక వాడు ఏ పనీ నిదానంగా చెయ్యగా ఆవిడ చూడలేదు. ఫోన్ రెండు చేతులా పట్టుకుంది. ఎంతసేపటికో పెట్టె నేలకానిన చప్పుడు వినబడింది.

"దిగింది," అన్నాడు. "ఆ పరీక్ష చేసినవాడెవడక్కా? ముందు వాణ్ణి ఉద్యోగంలోంచి పీకెయ్యాలి."

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది.

"నేనేరా."

అవతల క్రేను మోటారు ఆపేసిన చప్పుడు వినబడింది.

"కొక్కెం నేను విప్పిస్తాలే," అన్నాడు. "మీ ఆఫీసరుకి మాత్రం నువ్వే చెప్పుకోవాలి."

అక్క సర్టిఫికెట్ నకలు, విరిగిన ముక్కలు జేబులో వేసుకుంది. ద్రవంలోంచి పట్టకారు తీసి ఆఫీసరు గదికి బయల్దేరింది. అది వేళ్లు కొరికేస్తోంది. ఈసారి కింద పెట్టలేదు.