కడుపులో పోగు

పదకొండేళ్లుగా కవేంగి ఆ గుట్ట మీది ఇళ్లన్నిటికీ ఒకటే చెబుతూ తిరిగింది. కడుపుతో ఉన్నామె మేకను కట్టిన తాడు దాటితే కడుపులో బిడ్డకు ముడి పడదు. బుట్టలకు కిత్తనార పేనితే పడదు. సగం అల్లిన బుట్ట ఇంట్లో ఉన్నా పడదు. ఆమెది ఆరోగ్య కార్యకర్త పని. జీతం లేదు. ఒక పచ్చ చొక్కా ఇచ్చారు, దాని వీపు మీద ఎవరో దాత పేరు అరచేతులంత అక్షరాలతో ఉంటుంది. "కడుపులో తాడు కట్టేవాడు ఎవడూ లేడే తల్లీ!" అని అరిచి అరిచి ఆమె గొంతు బొంగురుపోయింది.

అలాంటి కవేంగి ఎదుటే, స్కానింగు బండిలో డాక్టర్ అవినో తెర మీద వేలు పెట్టి చూపించింది.

"ఇదిగో, ఈ తెల్లటి పోగు కనిపిస్తోందా? బిడ్డ ఎడమ మణికట్టుకు చుట్టుకుంది."

బల్ల మీద పడుకున్నది కతుంగె. ఆరో నెల, తొలి కాన్పు. పక్కన నిలబడ్డది ఆమె అత్త ముంబువా. ముంబువా తెర వంక చూసింది, డాక్టరు వంక చూసింది, చివరికి కవేంగి వైపు తిరిగి చప్పట్లు చరిచింది.

"విన్నావటే కవేంగీ? పోగట! నేనంటే ముసల్దానికి మతి పోయిందన్నావు. ఇప్పుడు చదువుకున్న పిల్లే అంటోంది కదా!"

"అది నారపోగు కాదక్కా."

"మరేంటి, పట్టుదారమా?"

డాక్టరు ఓపిగ్గా చెప్పింది. ఉమ్మనీటి సంచికి లోపలి పొర ఒకటి ఉంటుంది. ఒక్కోసారి అది మొదటి నెలల్లోనే చిరుగుతుంది. ఆ చిరుగుల పోగులు నీళ్లలో తేలుతూ బిడ్డ చేతికో కాలికో చుట్టుకుంటాయి. బిడ్డ పెరిగేకొద్దీ బిగుస్తాయి. ఎందుకు చిరుగుతుందో తమకే సరిగ్గా తెలియదు. తల్లి చేసిన పనికీ దీనికీ మాత్రం సంబంధం లేదు.

"మీకు తెలీదు, నాకు తెలుసు" అంది ముంబువా. "ఇది మేక తాడు దాటింది. నా కళ్లతో చూశా."

"మీ ఇంటి ముందు ఎనిమిది మేకలు కట్టేసుంటాయి. దాటక ఎగిరి పోవాలా?" అంది కవేంగి.

"చెయ్యి ఉందా, పోయిందా? ముందది చెప్పండి" అంది కతుంగె, పడుకునే.

డాక్టరు మళ్లీ తెర వైపు తిరిగి చూసి చెప్పింది.

చెయ్యి ఉంది. వాచింది, కానీ రక్తం ఇంకా ఆడుతోంది. ఎక్కడో కొన్ని దేశాల్లో కడుపులోకి సన్నటి గొట్టం పంపి ఆ పోగును కోసేస్తారు, ఇక్కడ ఆ పనిముట్టు లేదు. కాబట్టి కాన్పు పట్నం ఆసుపత్రిలోనే జరగాలి. పుట్టిన రోజే ఆ బిగువు కోసి వదులు చెయ్యాలి. ఇంట్లో కని వారం తర్వాత తెస్తే కొయ్యడానికి చెయ్యి మిగలదు. మూడు వారాలకోసారి చూపించుకోవాలి కూడా. ఈ బండి మళ్లీ వచ్చేది ఆరు నెలలకు. జబ్బును చూపించే బండి అయితే గుట్ట ఎక్కింది. నయం చేసే బండి దారిలో ఉందని పదకొండేళ్లుగా చెబుతున్నారు.

"పట్నమా?" ముంబువా కొంగు దులిపింది. "తొమ్మిదిమందిని నా ఇంటి నేల మీదే కన్నా. తాడు కట్టింది మా ఇంట్లో, విప్పేదీ మా ఇంట్లోనే."

మర్నాడు కవేంగి వెళ్లేసరికి ముంబువా వాకిట్లో పన్నెండుమంది ఆడవాళ్లు కాళ్లు చాపుకుని కూర్చున్నారు. ఒళ్లో బుట్టలు. అల్లడం లేదు, విప్పుతున్నారు. రెండు నెలలు తొడల మీద పేనిన నార, రంగులద్దిన నార, ఆ నెలాఖరుకు వ్యాపారికి ఇవ్వాల్సిన నలభై రెండు బుట్టల నార, చిక్కు పడి వాకిలంతా పరుచుకుంది. మేకలు మేస్తున్నాయి. పొయ్యి మీద మొక్కజొన్నలూ చిక్కుళ్లూ మాడుతున్నా చూసేవాళ్లు లేరు. కతుంగెను దూరంగా కూర్చోబెట్టారు, నార తగలకూడదని.

"ఏం చేస్తున్నారే, మీ తెలివి తెల్లారా!"

"కనపళ్లా?" అంది ముంబువా. "ఊళ్లో ముడులన్నీ విప్పుతున్నాం."

"విప్పితే చెయ్యి వదులైందా?"

"ఎక్కడో ఇంకో ముడి ఉండుంటుంది."

"నీ జడలో ఉందేమో చూసుకో అక్కా" అందొకామె. అందరూ నవ్వారు. ముంబువా నవ్వలేదు. చేత్తో తల తడుముకుంది. ఆ తర్వాత నిజంగానే జడ విప్పుకోవడం మొదలుపెట్టింది.

అది చూసేసరికి కవేంగి నోట్లోని తిట్టు అక్కడే ఆగిపోయింది. ఈ ముసల్ది పుట్టబోయే బిడ్డ చేతి కోసం ఊరినే విప్పేస్తోంది. ఒక్క బస్సు మాత్రం ఎక్కదు. కవేంగి తనకు తెలిసిన శాస్త్రమంతా చెప్పి చూసింది, పదకొండేళ్లు చెప్పింది, ఒక్క కాన్పును కూడా పట్నం పంపలేకపోయింది. ఆమె పచ్చ చొక్కా విప్పి భుజాన వేసుకుని నేల మీద చతికిలబడింది.

"అక్కా, బయట ముడులన్నీ అయిపోయాయి. మిగిలింది లోపలిది. అక్కడికి నీ చెయ్యి పోతుందా?"

"పోదు."

"పట్నంలో ఒకాయన ఉన్నాడు. ఆ ముడి కోసేది ఆయనే. బిడ్డ బయటపడిన రోజే కొయ్యాలి. ఆలస్యమైతే చెయ్యి మిగలదు."

ముంబువా విప్పిన జుట్టు వెనక్కి తోసుకుంది.

"ఆ మాట ముందే ఏడవచ్చుగా! శాస్త్రం, శాస్త్రం అని నా ప్రాణం తీశావు."

కవేంగి అబద్ధం ఒక్కటీ చెప్పలేదు. అదే ఆమెకు ఎక్కువ మండింది.

ఇక ముంబువాను ఆపడం ఎవరి తరమూ కాలేదు. నెలలు నిండకముందే కోడల్ని పట్నం తీసుకుపోయి, ఆసుపత్రి పక్కనున్న చుట్టాలింట్లో దించింది. చెప్పిన ప్రతి తేదీకీ స్కానింగు గది ముందు అందరికంటే ముందు కూర్చుంది. వరసలో నిలబడమన్న నర్సుతో, "నాకు వరసలొద్దు, తాడు కోసేవాడు కావాలి" అని గొడవ పడింది. ఆడపిల్ల పుట్టింది. మణికట్టు చుట్టూ లోతుగా గాడి, దాని కింద చెయ్యి ఊదారంగులో వంకాయలా ఉబ్బిపోయింది. అక్కడి డాక్టరు ఆ సాయంత్రమే కోశాడు. తెల్లారేసరికి చెయ్యి వెచ్చబడింది. రెండు వేళ్లు కడుపులోనే సగానికి ఆగిపోయాయి. మూడు నిండుగా ఉన్నాయి.

"కోసిన పోగేదీ?" అని ముంబువా ఆపరేషను గది తలుపు పట్టుకుంది. ఎంత చెప్పినా కదల్లేదు. విసిగిపోయిన నర్సు ఒకామె కుట్లు వేయగా మిగిలిన నల్లదారం ముక్క దూదిలో చుట్టి చేతిలో పెట్టింది. ముంబువా దాన్ని గుట్ట మీద ఇంటింటికీ తిప్పింది. "చూశారా, నల్లగా ఎలా ఉందో!" కవేంగికీ చూపించింది. కవేంగి చూసింది. నోటిదాకా వచ్చిన మాట మింగేసింది.

మొదటిసారి వచ్చిన ఆరు నెలలకు స్కానింగు బండి మళ్లీ వచ్చింది. ఎప్పుడూ ఆరేడుగురు దాటని చోట ఈసారి నలభై ఏడుగురు వరసలో నిలబడ్డారు, కడుపులో తాడుందేమో చూపించుకోవడానికి. జిల్లా అధికారి కారు దిగాడు. ఈ గుట్ట మీద మూఢనమ్మకాన్ని కూకటివేళ్లతో పెకలించినందుకు కవేంగికి ఒక కాగితం ఇచ్చాడు. ఫోటో తీయించుకున్నాడు, వెళ్లిపోయాడు.

కవేంగి కాగితం మడిచి చంకలో పెట్టుకుంది. బల్ల ఎక్కి అరవాలనిపించింది. అరిస్తే ఈ వరసలో సగంమంది ఇంటికి పోతారు. పోతే, వాళ్లలో ఎవరి కడుపులో ఏముందో చూసేవాళ్లుండరు.

కతుంగె బిడ్డనెత్తుకుని దగ్గరికొచ్చింది. అటూ ఇటూ చూసి, పైబట్ట కొంచెం పక్కకు తొలగించింది. లోపల చిన్న బుట్ట. ముద్దుగా, బిగువుగా, చివరి ముడి దాకా అల్లింది.

"పట్నంలో రోజూ అల్లాను పిన్నీ. కడుపు మీద పెట్టుకునే అల్లాను. ఊరికే కూర్చోలేక" అంది మెల్లగా. "మా అత్తకు చెప్పకు."

బుట్ట అంచున పీచు ఒకటి మిగిలిపోయి వేలాడుతోంది. చంటిది ఎడమ చెయ్యి చాచి, మూడు వేళ్లతో దాన్ని పట్టుకుంది. కవేంగి లాగి చూసింది. వదల్లేదు. ఇంకొంచెం గట్టిగా లాగింది. అయినా వదల్లేదు.

కవేంగి ముక్కు చీదుకుని వరస వైపు తిరిగింది.

"తర్వాత ఎవరే? రండి, రండి. తాడుందో లేదో చూద్దాం."