వసారాలో రెండు పెట్టెలు

పాత గోదాము గోడ మర్నాడు కూల్చేస్తారని తెలిసిన సాయంత్రం, మ్యూజియంలో పురుగుల విభాగం చూసే ఆమె ఉలీ సుత్తీ పట్టుకెళ్లి, ఆ గోడలోని తేనెటీగల గూటిని తొలిచి ఓ చెక్కపెట్టెలోకి ఎక్కించింది. కుట్టని తేనెటీగలవి. ఒక్కో ఈగ బియ్యపుగింజ కన్నా చిన్నది. ఇళ్లల్లో పెంచుకునే కుట్టని ఈగలు వేరు, ఇవి వేరు. ఇవి ఎవరూ పెంచనివి, గూటి వాకిట్లో నల్లమైనంతో వెడల్పాటి గొట్టం కట్టుకునేవి. రెక్క మీది గీతల్ని భూతద్దంలో చూసి మరీ నిర్ధారించుకుంది. ఆ గొట్టం కోసం ఏళ్ల తరబడి గోడలూ తొర్రలూ గాలిస్తే దొరికింది ఈ ఒక్క గూడే.

గోడ కూల్చడం ఆపించమని పై అధికారిని బతిమాలింది. "ఈగల కోసం గోడ ఆపమంటే నన్ను చూసి నవ్వరూ?" అన్నాడాయన. నవ్వితే ఆయన సొమ్మేం పోయేదో మరి.

అప్పటికే మ్యూజియానికి తాళం పడింది. పెట్టెని ఇంటికి తేక తప్పలేదు. ఇంటి వసారాలో నాన్న పెంచుకునే ఈగల పెట్టె ఉంది. ఆయన గడియారాలు బాగుచేసే మనిషి. చూపు మసకబారి దుకాణం మూసేశాక ఆ మామూలు రకం కుట్టని ఈగలే ఆయనకి లోకం. రెండు రకాల్నీ పక్కపక్కన పెట్టకూడదని ఆమె పదిమందికి పాఠాలు చెప్పింది. కానీ నడుం పడిపోతోంది, వసారాలో తప్ప నీడ లేదు, ఒక్క రాత్రేగా అనుకుంది. తను తెచ్చిన పెట్టె కన్నంలో దూది కుక్కింది.

"దీని జోలికెళ్లకు నాన్నా. పొద్దున్నే నేనే తీసుకెళ్తా."

"అలాగేలేమ్మా."

తెల్లారగానే, గోడ కూలుస్తున్నారు రమ్మని అధికారి కబురు పెట్టాడు. ఇంకో గూడేదైనా ఉందేమో చూడొచ్చన్న ఆశతో, పెట్టె సంగతి వచ్చాక చూద్దామని పరుగెత్తింది. అక్కడ ఇటుకల కుప్ప తప్ప ఏమీ లేదు.

తిరిగొచ్చేసరికి నాన్న వసారాలో చతికిలబడి ఉన్నాడు. ఆయన ముందు నేలంతా ఆవాలు ఒలికినట్టు నల్లగా ఉంది. కన్నంలో దూది లేదు.

"లోపల ఒకటే గోలమ్మా. ఊపిరాడక చచ్చిపోతాయేమో అనిపించింది. బల్లుల భయానికి మనవాటికి రాత్రి మూసి పొద్దున్నే తీస్తాను కదా. దీనికీ అలాగే తీసేశా."

దెబ్బతిన్న గూటిలో కారిన తేనె వాసనకి నాన్న ఈగలు ఎగబడ్డాయి. గోడ ఈగలు అడ్డుపడ్డాయి. ముల్లు లేని ప్రాణులకి కొరికి పట్టుకోవడమే యుద్ధం, పట్టుకున్నాక ఇక వదలవు. ఒకదాన్నొకటి దవడలతో బిగబట్టి జంటలు జంటలుగా చచ్చాయి. ఆమె మూత ఎత్తింది. గుడ్లతో బరువెక్కి ఎగరలేని రాణి కూడా ఓ మూల కాళ్లు ముడుచుకుని పడి ఉంది.

నాన్న పట్టకారుతో ఒక్కో జంటనీ విడదీస్తున్నాడు.

"ఒకటో అరో బతుకుతాయేమోనని. ఏవి నీవో ఏవి నావో కనబడట్లేదు, నువ్వు చెప్పు."

ఆమెకి ఒళ్లు మండింది. గట్టిగా అరవాలనుకుంది. దూది తీసింది ఆయనే గానీ, అన్నీ తెలిసి పెట్టెని ఇక్కడ పెట్టింది తనే. పక్కనే కూలబడింది.

"నీ తప్పు కాదు నాన్నా."

"ఇలాంటివి ఇంకెక్కడైనా ఉంటాయిగా?"

"ఉంటాయి."

ఆయన తలెత్తకుండానే అన్నాడు. "అబద్ధం చెప్పేటప్పుడు నువ్వు మరీ త్వరగా చెప్తావమ్మా."

ఆమెకి ఏడుపు ఆగలేదు. "లేవు నాన్నా. ఎక్కడా లేవు. ఇవే ఆఖరివి."

నాన్న పట్టకారు కింద పెట్టేశాడు. ఆయన ఈగలు మాత్రం పక్కపెట్టెలో మిగిలిన తేనెని తమ ఇంట్లోకి మోసుకుంటూనే ఉన్నాయి.