కడిగిన చెత్త

నేను ఒక గోనె సంచిని. ముక్కు మూసుకోకండి, పుట్టినప్పుడు నేనూ శుభ్రంగానే పుట్టాను. విజయనగరం వైపు ఒక జనపనార మిల్లులో, మగ్గాల మోతలో, ఆ మోత దాటి వినపడాలని కార్మికులు ఒకరినొకరు అరిచి తిట్టుకునే తిట్ల మధ్య పుట్టాను. నా మూతి అంచు మడిచి కుట్టినవాడి పేరు సన్యాసి. కుట్టు చివర ఒక బుల్లి ముడి వేసేవాడు. ఎందుకురా అని మేస్త్రీ అడిగితే, "నాను కుట్టినానని తెలవాల కదండీ" అనేవాడు. అదేదో పట్టుచీర నేసినట్టు!

ఆ తర్వాత నా బతుకూ మీ బతుకులాంటిదే. ఎవడు ఏది నింపితే అది మోశాను. బియ్యం నింపినప్పుడు షావుకారు నాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, అగరుబత్తి తిప్పాడు. బియ్యం అయిపోగానే నన్నే గుమ్మం ముందు పరిచి కాళ్ళు తుడుచుకున్నాడు. నాకేం కోపం రాలేదు. దండం బియ్యానికి పెట్టాడుగానీ నాకు కాదని అప్పుడే తెలిసింది, అంతే.

ఇంతలో మిల్లుకి తాళం పడింది. సన్యాసి బస్తాలు మోసే కూలికి ఆ షావుకారు కొట్టుకే వచ్చాడు. కాళ్ళు తుడుచుకోబోయి ఆగాడు. వంగి నా ముడి చూశాడు.

"షావుకారుగారూ, ఈ గోని నాకిచ్చీండి."

"చిరుగుల గోనె ఏం చేసుకుంటావురా?"

"నాను కుట్టిందండి."

షావుకారు పొట్ట పట్టుకుని నవ్వి ఇచ్చేశాడు. అలా మా నాన్న ఇంటికి చేరాను. ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతున్నది సన్యాసి పెళ్ళాం గౌరి కష్టం మీద. ఆవిడ జీడిపిక్కలు కొట్టే పనికి పోయేది. జీడి సొనకి వేళ్ళు నల్లబడి, తోలు ఊడిపోయి, అన్నం కలుపుకోవాలన్నా చెంచా కావలసి వచ్చేది. నన్ను చూసి, "మొగుడు పని తెత్తాడనుకుంటే గోని తెచ్చినాడు" అంది. సన్యాసి నవ్వాడు గానీ ఆ రోజు అన్నం సగంలో వదిలి లేచాడు. సరైన పని దొరికిన మర్నాడే ఆవిడ చేత జీడి మాన్పించేస్తానని మాటిచ్చాడు.

ఆ మాట పట్టుకుని తిరుగుతుండగా దాలినాయుడు కనపడ్డాడు. మిల్లులో సన్యాసి పక్క మిషనే. ఇప్పుడు విశాఖలో ఒక కంపెనీ గోడౌనుకి సూపర్‌వైజరు. కంపెనీ చొక్కా తొడిగాక నడక కూడా మారిపోయింది.

"ఒరే సన్నేసీ, ఆదివారం మా కంపెనీవోళ్ళు బీచి తుడుత్తారు. తలా ఓ గెస్టుని తేవాలట. నువ్వొచ్చీ."

"గెస్టంటే?"

"అతిథిరా. టిఫినెడతారు."

"ఏటీ, చీపురిచ్చి అతిథంటారా?"

"ఎహె, ఇనరా! గోడౌన్లో హెల్పరు పోస్టు కాళీగుంది. జీఎం గారికి ఒళ్ళొంచీవోళ్ళంటే ఇష్టం. నువ్వు పన్చేత్తుండగా సూపించి 'మావోడే సార్' అంటాను. అయిపోద్ది."

ఆదివారం తొలి బస్సుకే మేమిద్దరం బయలుదేరాం, నేను ఆయన చంకలో. మిల్లు మనుషులకి ఒక జబ్బుంది. సైరను కూసేలోగా గేటు దాటకపోతే ఆ పూట పని లేదు. అందుకని పెళ్ళికైనా, చావుకైనా అందరికన్నా ముందే పోయి నిలబడతారు. దాలినాయుడికి ఆ జబ్బు ఎప్పుడో నయమైంది. మా నాన్నకి కాలేదు.

బీచిలో నరపురుగు లేదు. ఇసక మీద మాత్రం చెత్తే చెత్త. నీళ్ళ సీసాలు, కాగితం కప్పులు, చిప్సు ప్యాకెట్లు. జీఎం వచ్చేసరికి తను పనిలో కనపడాలని సన్యాసి పంచె ఎగ్గట్టాడు. ఏరి నాలో కుక్కుతుంటే నాకే ఆశ్చర్యం వేసింది. నేను చాలా చెత్త చూశాను, కానీ ఇంత మర్యాదగల చెత్తని చూడలేదు. సీసాలు కడిగి ఉన్నాయి. కప్పులకి మరక లేదు. ఒక్క ఈగైనా వాలలేదు.

"పట్నంవోళ్ళు సెత్త కూడా కడిగి పారేత్తారేటో" అనుకుంటూ ఆయన మొత్తం ఎత్తేశాడు. ఇసక తుడిచిన పళ్ళెంలా తయారైంది.

అప్పుడు వచ్చాయి బస్సులు. ఒకే రంగు టీషర్టులు, టోపీలు, బ్యానరు, ఎగిరే కెమెరా. ఫొటోగ్రాఫరు ఇసక వైపు చూసి, "చెత్తేదండీ?" అన్నాడు. ఏర్పాట్లు చూసే హేమలత మేడం గుండె మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో, నిన్న సాయంత్రం కడిగించి, ఆరబెట్టించి, పొద్దున్నే చల్లించాను కదా! దాలినాయుడుగారూ, ఏదండీ చెత్త?"

సంగతి అర్థమైంది కదా? ఆ బీచిని మున్సిపాలిటీవాళ్ళు రోజూ తుడుస్తారు. తుడిచిన చోట తుడిస్తే ఫొటో పడదు. జీఎం గారికి వాసన పడదు. అందుకని క్యాంటీన్ చెత్తని ఏరించి, స్నానం చేయించి తెచ్చారు.

సన్యాసి నన్ను భుజాన వేసుకుని, ముఖమంతా నవ్వుతో ముందుకొచ్చాడు. "నానే మేడంగారూ! ఒక్కటి ఒగ్గలేదు, మొత్తం ఎత్తీసినాను."

ఎవరూ మెచ్చుకోలేదు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. కారు దిగుతున్న జీఎం గారు గడియారం చూసుకుని, "ఏమిటిది? ఇతన్ని ఎవరు తెచ్చారు? ఎవరి గెస్టు?" అన్నారు.

సన్యాసి దాలినాయుడి వైపు చూశాడు. ఇదే కదా ఆయన ఎదురుచూసిన క్షణం. దాలినాయుడు టోపీ సర్దుకున్నాడు. ఇసక చూశాడు, సముద్రం చూశాడు.

"గెస్టు కాదండీ. మున్సిపాలిటీ మనిషనుకుంటాను."

నా మూతి పట్టుకున్న చెయ్యి ఒక్కసారి బిగుసుకుంది. తర్వాత వదులైంది.

"అవునండీ బాబూ" అన్నాడు మా నాన్న. "మున్సిపాల్టీయే."

జీఎం గారు చల్లబడ్డారు. "అలాగా! అయితే ఇతన్నే సన్మానిద్దాం. మంచి ఫొటో వస్తుంది."

ముందు నన్ను బోర్లించమన్నారు. సన్యాసి ఏరినదంతా తన చేతులతోనే మళ్ళీ చల్లాడు. "కొంచెం సహజంగా చల్లు బాబూ" అంది మేడం. జీఎం గారు పట్టకారుతో ఒక సీసా ఎత్తి, ఎత్తినట్టే ఆగారు. కెమెరాలు మెరిశాయి. ఆ పైన శాలువా. ఒక కొస జీఎం గారు పట్టుకుంటే, రెండో కొస పట్టుకోవడానికి మేడం పిలిచింది దాలినాయుడినే. భుజం మీద శాలువా సర్దుతూ వాడు గొణిగాడు. "ఏటనుకోకురా. నా ఉజ్జోగం కూడా పోద్ది."

"నవ్వరా, ఫొటో తీత్తన్నారు" అన్నాడు సన్యాసి.

ఇక హెల్పరు పోస్టు ఏ ముఖంతో అడుగుతాడు? ఆయన మున్సిపాలిటీ మనిషని జీఎం గారికి తెలిసిపోయింది, పైగా ఫొటో సాక్ష్యం. అందరూ టిఫిన్లు తిని, ప్లేట్లు అక్కడే పడేసి, బస్సులెక్కారు. "అవి కూడా తీసెయ్ బాబూ, నీ డ్యూటీయే కదా" అంది మేడం కిటికీలోంచి. వేసిన వేషం బస్సులు కదిలేదాకా విప్పడానికి లేదు కదా. తీశాడు.

చెత్త ట్రాక్టరుతో పోలమ్మ వచ్చింది. ఆవిడ అసలైన మున్సిపాలిటీ మనిషి. "ఎవులు నువ్వు? ఏ వార్డు? ఆ సాలువా ఏటి?"

"ఇది నీదేనమ్మా. దారి తప్పి నాకాడికొచ్చింది" అని తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

ఆవిడ తిప్పి తిప్పి చూసింది. "ఇన్నేళ్ళు తుడిసినాను, ఒక్కడూ కప్పలేదు. ఈ ఎండలో నాకెందుకు గానీ, మనవరాలికి ఉయ్యాల కడతాను."

సన్యాసి ట్రాక్టరు వైపు చూస్తూ అడిగాడు. "అమ్మా, మీ కాడ పనేటైనా ఉంటాదా?"

పోలమ్మ పగలబడి నవ్వింది. "మున్సిపాల్టీలోనా? నా కొడుకే కాళీగా కూకున్నాడయ్యా."

ఆయనా నవ్వాడు. నన్ను ట్రాక్టరులోకి ఎత్తి, ఒలకకుండా నా మూతి దగ్గరకి నొక్కి వదిలేశాడు.

ఇప్పుడు డంపింగ్ యార్డులో, ఊరంత కుప్పలో ఉన్నాను. ఇక్కడ ఎవరు ఏం మోశారని ఎవరూ అడగరు. నేను మాత్రం ఆ రోజు ట్రాక్టరు కదిలేలోగా దాని మీంచి చూసిందే చూస్తుంటాను. ఆయన బస్టాపులో నిలబడ్డాడు. గౌరి ఎదురుచూసే ఊరికి పోయే బస్సు వచ్చింది. ఎక్కలేదు. కాసేపటికి ఇంకొకటి వచ్చి, ఆగి, హారన్ కొట్టింది. దాన్నీ పొమ్మని చెయ్యి ఊపాడు.