శివమ్మ ముట్టని భోజనం

మెదక్ రాందాస్ చౌరస్తాలో రఘుపతి ట్రావెల్స్‌కు పదకొండేళ్ల పేరుంది. దుబాయికి పోవాలన్నా మస్కట్‌కు పోవాలన్నా చుట్టుపక్కల జనం రఘుపతి దగ్గరికే వస్తారు. కిటికీ పక్క సీటు ఎట్లా ఉంటుందో, దిగాక ఏ లైన్లో నిలబడాలో, సామాను ఎన్ని కిలోలు దాటితే ఆపుతారో, అన్నీ కళ్లతో చూసినట్టు చెబుతాడు. చూసింది మాత్రం ఏమీ లేదు. పుట్టి బుద్ధెరిగాక ఆ మనిషి ఒక్కసారి కూడా విమానమెక్కలేదు.

టికెట్ చేసేటప్పుడు కంప్యూటర్‌లో భోజనం గడి ఒకటి వస్తుంది. నొక్కితే పాతిక రకాలు బారుగా కనబడతాయి. రఘుపతి మొదట్లోనే అందులోంచి 'హిందూ మీల్' అన్నది ఏరి పెట్టుకున్నాడు. హిందువుల భోజనమన్నాక పప్పూ కూరగాయలే కదా అని తనకు తానే తీర్మానం చేసుకున్నాడు. దాని కింద చిన్న అక్షరాల్లో ఏదో రాసి ఉంటుంది, చదివిన పాపాన పోలేదు. వచ్చిన ప్రతి హిందువుకూ అదే నొక్కి, "మీల్ పెట్టిన, పరేషాన్ కాకండ్రి" అని టికెట్ చేతిలో పెట్టేవాడు. వాళ్లలో చాలామంది ఏడుపాయల జాతరకు పోతే యాటపోతును కోయకుండా తిరిగిరాని జనం. విమానంలో ఏం పెట్టినా కడుపునిండా తిని, మంచిగుండె అన్నా అని ఫోన్ చేసేవాళ్లు. ఇక తప్పు బయటపడేదెట్లా?

నవాబుపేటలో కిరాణా దుకాణం నడిపే వీరయ్య లింగాయతు. ఆయన భార్య శివమ్మ మెడలో లింగం ధరించిన మనిషి, గుడ్డు ఉడికిన ఇంట్లో చాయ కూడా తాగేది కాదు. పైగా చక్కెర జబ్బు, పూటపూటకూ ఇన్సులిన్ సూది, పొడుచుకున్న వెంటనే తినకపోతే చక్కెర పడిపోతుంది. కూతురు భాగ్య దోహాలో ఒక ల్యాబ్‌లో పని చేస్తుంది. ఆమెకు గర్భసంచి ఆపరేషన్ ఉందని, నెల రోజులు దగ్గరుండి చూసుకోవడానికి శివమ్మ ఒంటరిగా ప్రయాణం కట్టింది.

భోజనం సంగతి అడగడానికే వీరయ్య రెండుసార్లు దుకాణానికి వచ్చాడు. రెండోసారి శివమ్మనూ వెంట తెచ్చాడు. నాలుగు జొన్నరొట్టెలు, ఇంత పల్లిచట్నీ మూట కట్టుకుంటానని ఆమె మెల్లగా అడిగింది. రఘుపతి పెద్దగా నవ్వాడు. చెకింగ్ దగ్గర మూట విప్పించి పారేస్తారని, నలుగురిలో నవ్వులపాలవుతావని భయపెట్టాడు. అది కూడా ఒట్టి మాటే, ఎండు రొట్టెను ఎవరూ పారేయరు.

"చిన్నమ్మా, నీకు స్పెషల్ మీల్ పెట్టిన. అందరికన్న ముందుగాల నీకే తెచ్చిస్తరు," అన్నాడు.

పాపం, నమ్మింది. రొట్టెలు మానేసింది. కళ్లు తిరిగితే తినమని డాక్టరిచ్చిన గ్లూకోజ్ బిస్కెట్లు కూడా విమానం అడుగున వేసే పెద్ద పెట్టెలోనే సర్దేసింది. అన్నం వస్తుందన్నాక బిస్కెట్లతో పనేముంది?

ఆ విమానం సోమవారం పొద్దున ఎగిరింది. దోహాలో దిగే వేళకు శివమ్మను ఎంత లేపినా లేవలేదు. చక్కెర అడుగంటిందన్నారు. మూడు రోజులు అక్కడి దవాఖానాలో ఉండి, కళ్లు తెరవకుండానే పోయింది. ఆపరేషన్ వాయిదా వేసుకుని, భాగ్యే తల్లి శవాన్ని వెంటబెట్టుకుని మెదక్ వచ్చింది. లింగాయతుల పద్ధతిలో కూర్చోబెట్టి మట్టి చేశారు.

పరామర్శకు పోయిన రఘుపతికి జరిగినదంతా భాగ్యే చెప్పింది. శివమ్మ పక్క సీట్లో నిజామాబాద్ దిక్కు పిల్లవాడు హర్షిత్ కూర్చున్నాడట, దిగాక ఇదంతా ఆమెకు అతనే చెప్పాడట. అన్నాల బండి కదలగానే ఆమె కొంగు చాటున సూది పొడుచుకుందట. అందరికంటే ముందు ఆమెకే డబ్బా వచ్చిందట. మూత తీసి, వెంటనే మూసి, పక్కకు జరిపిందట. ఏమైంది పెద్దమ్మా అని అతను అడిగితే, "సోమారం బిడ్డా, ఒక్కపొద్దు" అని కళ్లు మూసుకుందట.

ఆ ఒక్క మాటతో ఇల్లు భగ్గుమంది. రెండేళ్ల కింద ఇట్లాగే సోమవారం సూది వేసుకుని ఉపవాసముంటే, శివమ్మ పడిపోయి చావు తప్పి బయటపడింది. ఇంకెప్పుడూ ఉండనని వీరయ్య ముందు లింగం పట్టుకుని ఒట్టు పెట్టింది. ఆ ఒట్టు తప్పి, ఇంత కష్టంలో ఉన్న కూతురిని నడుమ వదిలేసి పోయిందని తండ్రీ కూతుళ్లకు దుఃఖం కంటే కోపం ఎక్కువైంది. భాగ్య కంట చుక్క నీరు రాలేదు. వీరయ్య వచ్చినవాళ్లందరి ముందూ పెళ్లాన్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు.

రఘుపతికి మాత్రం మూత తీసి మూసిందన్న మాట దగ్గరే అనుమానం పుట్టింది. మట్టి చేసిన మూడో రోజు దుకాణం తెరిచి, ఆ గడి నొక్కి, పదకొండేళ్లలో మొదటిసారి కింది చిన్న అక్షరాలు చదివాడు. గొడ్డుమాంసం, పందిమాంసం ఉండవు. కోడి, మేక, చేప ఉండవచ్చు అని ఉంది. శాకాహారం కావాలంటే దాని కిందనే వేరే గడి ఉంది. శివమ్మ ఒక్కపొద్దు ఉండలేదు. డబ్బాలో మాంసం చూసి మూత పెట్టింది, అప్పటికే సూదిమందు ఒంట్లోకి పోయింది.

పోయి చెప్పాలి. చెబితే రేపటినుంచి చౌరస్తాలో తన మొహం ఎవరు చూస్తారు? ఇవాళ కాదు, ఆ ముసలాయన జెర తేరుకున్నాక చెబుదామనుకున్నాడు. అది జాలి కాదు, ఒట్టి పిరికితనం. ఆ సంగతి అతనికీ తెలుసు.

పదకొండో దినం లింగాయతుల గురువులైన జంగమయ్యలకు, బంధువులకు భోజనాలు పెట్టారు. పోయిన మనిషికి కూడా ఒక విస్తరి వేయమని పెద్ద జంగమయ్య చెప్పాడు. వీరయ్య కదల్లేదు. అన్నం ఎదురుగా వస్తే కాదన్నదానికి అన్నమెందుకు, ఎవరికి వేసినా ఆమెకు వేయనని మొండికేశాడు. భాగ్య కూడా తండ్రి మాటకు అడ్డు రాలేదు. బంతిలో మూడోవాడు రఘుపతి. నోట్లో ముద్ద ఉంది. ఆ ముద్ద మింగాడే గాని మాట మాత్రం బయట పెట్టలేదు.

మరో వారానికి తండ్రీ కూతుళ్లు దుకాణానికి వచ్చారు. ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారట, భాగ్యకు తిరుగు టికెట్ కావాలి. పేరు కొట్టాడు, పాస్‌పోర్టు నంబరు కొట్టాడు. భోజనం గడి వచ్చింది. రఘుపతి చెయ్యి ఆగిపోయింది.

"ఏం మీల్ పెట్టాలమ్మా?" అని గొణిగాడు.

"అమ్మకు పెట్టిందే పెట్టన్నా," అంది భాగ్య.

రఘుపతి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

"అమ్మ ఒక్కపొద్దు లేకుండె భాగ్యా. ఆ డబ్బల కౌసు ఉండె. నేనే పెట్టించిన. తెల్వక పెట్టించిన," అన్నాడు.

కంప్యూటర్ వాళ్లవైపు తిప్పి చిన్న అక్షరాలు చూపించాడు. భాగ్య చదివి తండ్రికి చెప్పింది.

"మరి ఆ పిల్లగానితోని ఒక్కపొద్దని ఎందుకన్నది?" అని భాగ్య తండ్రినే అడిగింది.

"ఆడు గూడ అదే తింటుండొచ్చు బిడ్డా. తినేటోని పక్కన కూసొని, ఇది నాకు గిట్టదని ఎట్లంటది? ఆమెకు సచ్చినా నోరు రాదు," అన్నాడు వీరయ్య.

తర్వాత రఘుపతి వైపు తిరిగి, ఎప్పుడు తెలిసిందని అడిగాడు. ఇప్పుడే, ఈ నిమిషమే అని అబద్ధం నాలుక చివర సిద్ధంగా ఉంది. అన్నా ఎవరూ అనుమానించేవాళ్లు కాదు. కాని ఆ ముసలాయన కళ్లలోకి చూశాక అబద్ధం బయటికి రాలేదు.

"మట్టయిన మూడోనాడే, కాకా."

"అంటే నా ఇంట్ల బంతిల కూసున్ననాడు ఎరుకేనా?"

"ఎరుకే."

చెంప మీద కొడతాడనుకున్నాడు. కొట్టినా బాగుండేది. వీరయ్య గోడ పట్టుకుని లేచాడు.

"నాకెందుకు చెప్తున్నవ్? నడువ్. ఆమెకు చెప్పు."

మిట్టమధ్యాహ్నం ఎండలో ముగ్గురూ నవాబుపేటకు నడిచారు. కిరాణా దుకాణంలో శివమ్మ ఫోటో బియ్యం బస్తాల మీద పెట్టి ఉంది. దండ లేదు, దీపం లేదు. రఘుపతి దాని ముందు నిలబడ్డాడు. పదకొండేళ్లు ఎడతెరిపి లేకుండా వాగిన నోట్లోంచి ఒక్క పిలుపు రావడానికి ఎంతసేపు పట్టిందో!

"చిన్నమ్మా... నీ రొట్టెలు ఇడిపిచ్చింది నేనే. నీ డబ్బల కౌసు పెట్టించింది నేనే. అన్నీ ఎరుకై గూడ నోరు మూసుకొని ఉన్న."

వీరయ్య మోకాళ్ల మీద కూలబడ్డాడు. రెండు చేతులూ జోడించి ఫోటో ముందు పెట్టాడు.

"శివమ్మా, ఇన్నవా? ఒట్టు తప్పినవని నిన్ను దినాం తిట్టిన. నువ్వు తప్పలేదంటనే..."

భాగ్య గట్టిగా ఏడ్చింది. తల్లి పోయాక ఏడవడం అదే మొదటిసారి. రఘుపతి గడప దగ్గరే నిలబడిపోయాడు, అతన్ని పొమ్మని కూడా ఎవరూ అనలేదు.