వదిన వేసిన ఎత్తు

వదినా మరదళ్ళు పోట్లాడుకోవడం ఏ ఇంట్లోనూ వింత కాదు. కాకపోతే ఆ ఇంట్లో పోట్లాట నగల దగ్గరో వంటింటి దగ్గరో రాదు. వంతెన ముందు కట్టాలా, గుర్రాల్ని ముందు దింపాలా అన్న దగ్గర వస్తుంది.

"కోటలూ కనుమలూ" అని ఒక పాత కంప్యూటర్ ఆట ఉంది. చదరంగంలో లాగే ఒకరి తర్వాత ఒకరు ఎత్తు వేయాలి. నీ సైన్యాన్ని జరిపి, నా వంతు అయిందని మీట నొక్కేదాకా అవతలివాడు చేతులు కట్టుకుని కూర్చోవలసిందే. దాన్ని తయారు చేసిన కంపెనీ ఎప్పుడో చేతులు దులుపుకుంది గానీ ఆడేవాళ్ళు వదల్లేదు. ఆ వదలనివాళ్ళ కోసం వదినా మరదళ్ళిద్దరూ ఆదివారం ఆదివారం "ఎత్తుకు పైఎత్తు" అనే పాడ్‌కాస్ట్ చేసేవారు. పడకగది కిటికీకి దుప్పట్లు వేలాడదీసి, ఫ్యాను ఆపేసి, చెమటలు కక్కుతూ కూర్చుని యుద్ధాల గురించి వాదించుకునేవారు.

మరదలిది పళ్ళ ల్యాబులో ఉద్యోగం. అచ్చుల్లో ప్లాస్టర్ పోయడం, మైనంతో చిగుళ్ళు తీర్చడం, ఎవరి పంటి రంగుకు తగ్గ కట్టుడు పళ్ళు వాళ్ళకు అమర్చడం. మాట తక్కువ మనిషి. వదిన అందుకు పూర్తిగా విరుద్ధం. డ్రైవింగ్ స్కూల్లో నేర్పేది. పక్కసీట్లో కూర్చుని, తన కాలికింద ఉన్న రెండో బ్రేకు మీద పాదం ఆనించి, "అద్దం చూడు తల్లీ, అద్దం! అందం కోసం కాదు, వెనక లారీ కోసం!" అని అరిచేది. పాడ్‌కాస్టులోనూ అదే ధోరణి. శ్రోతలెవరైనా తమ ఓటమి కథ రాసి పంపితే, జాలిపడటం అన్నది ఉండేది కాదు. "గుర్రాల్ని బురదలోకి తోలింది నువ్వు, తిట్టేది వర్షాన్నా?" అనేది. తిట్టించుకోవడానికే వినేవాళ్ళు బోలెడంతమంది.

అలాంటి వదిన ఒకరోజు పొద్దున సిగ్నల్ దగ్గర కారు ఆగి ఉండగా, "ఎడమకు తిప్పు" అనబోయి ఏదో అంది. నేర్చుకుంటున్న అమ్మాయికి అర్థం కాలేదు. మళ్ళీ అంది. మాట ముద్దగా వచ్చింది, మూతి ఒక పక్కకు జారింది. ఆ అమ్మాయి అప్పటిదాకా ఒంటరిగా వీధి మలుపైనా దాటలేదు. ఆ రోజు మాత్రం ఏడుస్తూనే అద్దం చూసుకుంటూ, ఇండికేటర్ వేసుకుంటూ తిన్నగా ఆసుపత్రికి తీసుకుపోయింది. ప్రాణం దక్కింది.

దక్కనిది మాట. కుడిచేయి కూడా పట్టు తప్పింది గానీ వదిన దాన్ని లెక్కచేయలేదు, ఎడమచేత్తో పని కానిచ్చేసేది. మాటే ఆమెను ముప్పుతిప్పలు పెట్టింది. ఎదుటివాళ్ళు చెప్పేది అంతా అర్థమవుతుంది. తను చెప్పాలనుకున్నదీ తెలుస్తుంది. నోటిదాకా వచ్చేసరికి అది ఇంకోటైపోతుంది. ఎందుకోగానీ అన్నిటికీ "కుర్చీ" అనే మాటే వచ్చేది. నీళ్ళు కావాలన్నా కుర్చీ, లైటు ఆర్పమన్నా కుర్చీ. మొగుణ్ణి పిలవబోయి "కుర్చీ" అంటే, ఆయన, అంటే మరదలి అన్నయ్య, పక్కగదిలోంచి "వస్తున్నా" అనేవాడు. ఒకటి రెండుసార్లు ముగ్గురూ నవ్వుకున్నారు. తర్వాత నవ్వు రాలేదు.

మాట నేర్పించే డాక్టరమ్మ మరదల్ని పక్కకు పిలిచి చెప్పింది. "ఆవిడకి తెలివి ఎక్కడికీ పోలేదమ్మా. దారి మూసుకుపోయింది, అంతే. పక్కదారి వేసుకోవాలి. ఇష్టమైన సంగతులు మాట్లాడించండి. తొందరపెట్టకండి. ముఖ్యంగా, నోట్లోంచి మాట లాక్కోకండి."

ఇష్టమైన సంగతి ఏమిటో మరదలికి తెలుసు. కానీ మైకు పేరెత్తితే వదిన గుండె చెరువైపోతుందేమోనని ఊరుకుంది. శ్రోతలేమో ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తున్నారు. చివరికి ఆట బాగా ఆడే ఒకతను, అందరూ మెరుపు అని పిలిచే బ్యాంకు గుమాస్తా, తనే వచ్చి కొన్నాళ్ళు తోడుంటానన్నాడు. పేరుకు తగ్గట్టే మాట్లాడతాడు. ఊపిరి ఎక్కడ తీసుకుంటాడో తెలియదు.

ఆ ఆదివారం దుప్పట్లు కట్టి ఇద్దరూ కూర్చున్నారు. మెరుపు మొదలుపెట్టి పది మాటలు అన్నాడో లేదో, తలుపు తెరుచుకుంది. చేతికర్ర ఊతంతో వదిన.

"కుర్చీ," అంది.

"నీళ్ళా వదినా?" అంది మరదలు లేచి.

"కుర్చీ!"

"ఫ్యాను వేయాలా? అన్నయ్యకి ఫోన్ చేయనా?"

వదిన కర్రతో నేల మీద కొట్టి, మెరుపు కూర్చున్న కుర్చీనే చూపించింది. "నా... కుర్చీ."

ఆమె అడిగింది నిజంగానే కుర్చీ. అదీ తన కుర్చీ. మెరుపు ఒక్క ఉదుటున లేచి నిలబడ్డాడు. వదిన కూర్చుని, మైకును ఎడమచేత్తో తనవైపు తిప్పుకుంది. ఇంట్లో ఆ పూట ఇంకెవరూ ఆమెకు ఎదురు చెప్పలేకపోయారు.

చెప్పినవాడు సాయంత్రం వచ్చాడు. అన్నయ్య లిఫ్టులు బాగుచేసి గ్రీజు చేతులతో ఇంటికొచ్చి, సంగతి విని అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "చూడు చెల్లీ, ఇంట్లో మన మధ్య వేరు. ఊళ్ళోవాళ్ళందరి చెవుల్లో ఆవిణ్ణి ఎందుకు పడేస్తావ్? నవ్వుతారే! నవ్వితే అది తట్టుకుంటుందా?"

మరదలికీ ఆ భయం ఉంది. అందుకే ఒక ఉపాయం చేసింది. రికార్డు చేసినదంతా ముందేసుకుని, వదిన తడబాట్లన్నీ తీసేసింది. మౌనాలు కోసేసింది. ఒక్కో మాటా ఎక్కడెక్కడి నుంచో ఏరి, పక్కపక్కన పేర్చి, అతుకు తెలియకుండా నున్నగా చేసింది. పళ్ళు అమర్చే చేతికి అదెంత పని? వింటే పాత వదినే మాట్లాడుతున్నట్టు ఉంది. మురిసిపోతూ తీసుకెళ్ళి వినిపించింది.

వదిన చివరిదాకా వింది. ముఖం ఎర్రబడింది. చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి మంచం మీదకు విసిరేసింది.

"నేను... కాదు."

"నువ్వే వదినా, అన్నీ నీ మాటలే. కాస్త సాపు చేశానంతే."

"నేను కాదు!" తర్వాత చాలాసేపు ఏదో చెప్పాలని పెనుగులాడింది. మరదలి నాలుక చివర సాయం చేసే మాటలు పది సిద్ధంగా ఉన్నాయి. డాక్టరమ్మ చెప్పింది గుర్తొచ్చి పంటి బిగువున ఆపుకుంది. చివరికి వదిన నోట మాట ఊడిపడింది. "కట్టుడు... పళ్ళు."

మరదలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిట్టు బాగానే తగిలింది. తగలడమే కాదు, అచ్చంగా వదిన తిట్టినట్టే ఉంది. ఆ తిట్టు విని ఎన్నాళ్ళైందో! ఆమె వెంటనే పోయి, కోసినదంతా తిరిగి అతికించింది. మౌనాలతో సహా, కుర్చీలతో సహా బయట పెట్టేసింది.

మరి జనం? అన్నయ్య భయపడినట్టే కొందరు నవ్వారు. ఒకడు ఆ మౌనాలకు బాకాల చప్పుడు జోడించి వేళాకోళంగా అందరికీ పంపాడు. కొందరు చెప్పకుండానే వినడం మానేశారు. ఇంకొకరు మర్యాదగానే, "ఆవిడని విశ్రాంతి తీసుకోనివ్వచ్చుగా" అని రాశారు. మరదలు ఇవేవీ దాచలేదు. దాస్తే ఊరుకునే మనిషి కాదు వదిన. అన్నీ చదివించుకుని, "మళ్ళీ" అంది. మళ్ళీ ఆదివారం వచ్చింది. మళ్ళీ దుప్పట్లు కట్టారు. మధ్యలో రోజూ పొద్దున్నే అద్దం ముందు కూర్చుని వంతెన, విలుకాడు, బురద, ముట్టడి అంటూ ఆట మాటలే పాఠంగా వల్లించేది. రాని మాటను పదిసార్లు వెంటాడేది. అలసిపోయి పడుకుని, లేచి, మళ్ళీ దాని వెంటే పడేది. కొండను తవ్వుతున్నట్టుండేది చూసేవాళ్ళకు.

నెమ్మదిగా కొత్త ఉత్తరాలు మొదలయ్యాయి. నత్తి ఉన్న ఒకాయన తన ఓటమి కథను రాయకుండా గొంతుతో రికార్డు చేసి పంపాడు. మౌనం వచ్చినప్పుడల్లా వదిన ఏమంటుందో ముందుగా ఊహించే పందెం ఒకటి కొందరు శ్రోతలు పెట్టుకున్నారు. ఎక్కువసార్లు ఓడిపోతున్నామని మొత్తుకున్నారు కూడా.

ఇంతలో ఏటా జరిగే పోటీ వచ్చింది. గ్రంథాలయం పై అంతస్తు హాల్లో శ్రోతలంతా చేరి, ఉదయం నుంచి సాయంత్రం దాకా ఆడుకుంటారు. పెద్ద తెర మీద ఆట కనిపిస్తుంటే వదినా మరదళ్ళు వ్యాఖ్యానం చెప్పడం రివాజు. ఆడేవాళ్ళ చెవులు హెడ్‌ఫోన్లతో మూసి ఉంటాయి కనుక వాళ్ళకది వినిపించదు.

"అక్కడ కోయడానికి కత్తెర ఉండదు చెల్లీ," అన్నాడు అన్నయ్య.

"ఇప్పుడూ కోయట్లేదు అన్నయ్యా."

"పోనీ నువ్వు చెప్పు, అది పక్కన కూర్చుంటుంది."

"అది" అనిపించుకున్న ఆవిడ అప్పటికే చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

హాలు కిటకిటలాడుతోంది. సెమీఫైనల్లో ఒక పక్క మెరుపు, ఇంకో పక్క నత్త. నత్త అంటే సంగీతం చెప్పే ఒక పెద్దావిడ. ఎత్తు వేసేలోపు ఎదుటివాడికి కునుకు పట్టేంత నిదానం. ఆట ముదిరింది. నదికి అవతల నత్త కోట, కాపలా పలచగా. ఇవతల మెరుపు గుర్రాలన్నీ బారులు తీరి ఉన్నాయి. కొండల చుట్టూ పొగమంచు, అందులో దాగినవాళ్ళు పెద్ద తెర మీద కూడా కనపడరు.

"ఇంకేముంది, దాటేయడమే," అంది మరదలు మైకులో. హాలంతా అవునవునంది.

"వద్దు," అంది వదిన.

అందరూ ఆమెవైపు చూశారు.

"వెనక... వెనక... కను..." ఆగింది. నుదుటి మీద నరం ఉబికింది. "కనుపాప."

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వు అంటువ్యాధిలా రెండు మూడు వరసలు పాకింది.

"కన్ను అంటున్నావా వదినా? వేగులవాళ్ళ సంగతా?" అంది మరదలు గబగబా. వదిన ఏమనబోతోందో తనకూ తెలియలేదు. అన్నిటికన్నా అది ఎక్కువ భయపెట్టింది. తప్పు మాట మీద ఇంకో తప్పు మాట వేసి కప్పబోతోంది.

వదిన తన ఎడమచేత్తో మరదలి మైకును మూసేసింది. కళ్ళతోనే ఆగమంది.

వెనక గోడ దగ్గర అన్నయ్య లేచి నిలబడ్డాడు. ఆమెను ఇంటికి తీసుకుపోవడానికే లేచాడని మరదలికి అర్థమైంది. వద్దని మరదలు తల అడ్డంగా ఊపింది. ఆయన ఒక అడుగు ముందుకు వేసి, భార్య ముఖం చూశాడు. ఆ ముఖంలో సిగ్గు లేదు, బెదురు లేదు. బిగుసుకుపోయిన సీసా మూతను తీసేవాళ్ళ ముఖంలా ఉంది. ఆయన మళ్ళీ కూర్చున్నాడు.

నవ్వు సద్దుమణిగింది. తెర మీద మెరుపు గుర్రాలు ఒకటొకటిగా నీళ్ళలోకి దిగుతున్నాయి.

"కను... కను... మ." వదిన ఊపిరి తీసుకుంది. "కనుమ. వెనక. ఖాళీ."

హాలంతా ఒక్కసారి తెర వైపు తిరిగింది. మెరుపు కోట వెనక కొండల మధ్య ఇరుకుదారి ఒకటుంది. దానికి కాపలా లేదు. అందరి కళ్ళూ నది మీదే ఉండటంతో దాన్ని ఎవరూ చూడలేదు. మెరుపు ఆఖరి గుర్రాన్ని నది దాటించి, తన వంతు అయిందని మీట నొక్కి, వెనక్కి వాలి నవ్వుకున్నాడు. నత్త కళ్ళజోడు తుడుచుకుంది. తీరిగ్గా పెట్టుకుంది. పొగమంచులోంచి ఆమె విలుకాళ్ళు బిలబిలమంటూ కనుమలోంచి బయటపడి, ఖాళీగా ఉన్న మెరుపు కోటలోకి నడిచి వెళ్ళారు. ఆట ముగిసింది.

హాలు దద్దరిల్లిపోయింది. చప్పట్లు నత్తకా, వదినకా అని ఎవరూ విడదీసుకోలేదు.

మెరుపు చెవులకున్నవి తీసి, జరిగింది తెలుసుకుని, తిన్నగా వ్యాఖ్యాతల బల్ల దగ్గరికి వచ్చాడు. "అక్కా, పొగమంచులో మీకు మాత్రం వాళ్ళెలా కనపడ్డారు?"

వదిన మొదలుపెట్టింది. "విలు..." ఆగింది. ఇంకో మాట అడ్డొచ్చింది, దాన్ని తోసేసింది. ఊపిరి తీసుకోవడం తెలియని ఆ మనిషి బల్ల మీద చేతులానించి, ఆమె పెదవులనే చూస్తూ నిలబడ్డాడు. సాయానికి ఒక్క మాట కూడా అందించలేదు.

"విలుకాళ్ళు... కోటలో... లేరు."

నత్త కోటలో వాళ్ళు కనపడలేదు కాబట్టే కనిపెట్టిందన్నమాట. మెరుపు నెత్తి కొట్టుకున్నాడు. "తిట్టండక్కా, ఆ ఒక్కటీ మిగిలింది."

"గు... గుడ్డి," అంది వదిన. చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. ఆమే అందరికన్నా గట్టిగా నవ్వింది.

అన్నయ్య జనాన్ని తప్పించుకుంటూ వచ్చాడు. భార్య భుజం మీద చేయి వేశాడు. "చెమటలు పట్టేశాయి. అలిసిపోయావు. ఇక ఇంటికి వెళ్దామా?"

"ఫైనల్ ఉంది," అంది వదిన.

రెండు మాటలూ తడబాటు లేకుండా గబుక్కున వచ్చేశాయి. అన్నయ్య, మరదలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వదిన మాత్రం గమనించినట్టు లేదు, తెర మీద కొత్త పటం పరుచుకోవడం చూస్తోంది. అన్నయ్య ఆమె వీపు వెనక తన కోటు మడిచి పెట్టి, నీళ్ళు తేవడానికి వెళ్ళాడు.

ఫైనల్ చీకటి పడకముందే ముగిసింది. నత్త ఓడింది. వదిన ఆ ఆటలో వేసిన రెండు అంచనాలూ తప్పాయి. మూడోది ఆమె నోటినుంచి బయటపడేసరికి ఆ ఎత్తు కాస్తా దాటిపోయింది. దారి పొడుగునా కారులో దాని గురించే వాదించింది. మరదలు ఒప్పుకోలేదు. వంతెన ముందు కట్టి ఉండాల్సింది అంది.

"కాదు," అంది వదిన. ఎందుకు కాదో చెప్పడానికి కూడబలుక్కోసాగింది. అన్నయ్య కారు వేగం తగ్గించాడు.