పెట్టె మూతలో అయస్కాంతం

స్టీలు స్కేలు కిందపడ్డ చప్పుడు కుందుజ్‌కి వినిపించింది. వినిపించినా తలెత్తలేదు. పెట్టె మూత మూల దగ్గర కాగితం మడుస్తోంది. జిగురు ఆరేలోపు మడత కూర్చోకపోతే ముడత పడి అలాగే ఉండిపోతుంది.

జామ్ సీసాకి ఆనించిన ఫోన్‌లో ఎల్విరా ఎజే మాట్లాడుతోంది. "మూల దగ్గర తొందరపడకండమ్మా. వేలితో కాదు, మడత పుల్లతో నొక్కండి. జిపార్, నీ మూల చూపించు. ఓరి దేవుడా, అది మూలా, మంతీ కుడుముల కోసం ఒత్తిన పిండా?"

"ఆకలేస్తోంది ఎజే, ఉడకబెట్టేసుకుంటా," అంది జిపార్. ఫోన్ నిండా నవ్వులు.

అందరికంటే పెద్దది కాబట్టి ఎల్విరా అందరికీ ఎజే, అంటే అక్క. బిష్కెక్‌లో తన వంటింట్లో కూర్చుని కాగితం పని నేర్పుతుంది. ఒకామె ఓష్ నుంచి, ఒకామె మాస్కోలో హోటల్లో గిన్నెలు కడిగి వచ్చి, సరస్సు ఒడ్డున ఉన్న ఈ ఊరి నుంచి కుందుజ్, అందరూ ఫోన్‌లోనే నేర్చుకుంటారు. ఆల్బమ్‌లు, కార్డులు అయ్యాయి. ఈ చలికాలం పాఠం, అమ్మ దాచుకునే పెట్టె. పుట్టువెంట్రుకలకి ఒక అర, ఆసుపత్రిలో చేతికి కట్టిన పట్టీకి ఒక అర, ఊడిన మొదటి పన్నుకి ఒక అర. కుందుజ్ ఇంకో అర కలిపింది. శనివారం పాప సెజిమ్‌కి తుషో. కొత్తగా అడుగులేస్తున్న పిల్ల కాళ్ళకి నలుపూ తెలుపూ పేనిన దారం వదులుగా కడతారు. వీధి పిల్లలంతా పరుగెత్తుకొస్తారు. ముందొచ్చినవాళ్ళు ఆ దారం కోస్తారు. కోసిన దారం ఆ అరలోకి వెళ్ళాలి. అత్తగారు తొక్తోబుబు ఇప్పటికే వీధంతా పిలిచేసింది.

పెట్టె మూత మూసుకోవడానికి గొళ్ళెం ఉండదు, అయస్కాంతాలుంటాయి. గోరంత పల్చటి బిళ్ళలు రెండు. ఒకటి మూతలో, ఒకటి పెట్టె గోడలో, కాగితం కింద కనబడకుండా అతికించాలి. మూత దగ్గరికి తెస్తే చాలు, టక్కుమని కరుచుకుంటుంది. అతికించేదాకా వాటిని బల్ల మీద వదలొద్దని, స్టీలు స్కేలుకి అంటించి ఉంచమని ఎజే ప్రతిసారీ చెబుతుంది. వదిలితే కత్తెరకో సూదికో ఎగిరి అంటుకుని మాయమైపోతాయట. కుందుజ్ చెప్పినట్టే చేసింది. స్కేలుకి అంటించి, స్కేలుని బల్ల అంచున పెట్టింది.

మడత కూర్చున్నాక కిందకి చూసింది. సెజిమ్ బల్ల కింద ఉన్ని తివాచీ మీద, పొయ్యి వేడికి బనీనుతోనే కూర్చునుంది. ఫోన్‌లోంచి పరాయివాళ్ళ కళ్ళు పడకుండా పాపని ఎప్పుడూ బల్ల కిందే కూర్చోబెట్టాలని తొక్తోబుబు ఆజ్ఞ. రెండు చేతులతో స్కేలుని గుండెకి హత్తుకుని, ఒక కొస నోట్లో పెట్టుకుని చీకుతోంది.

"ఇలా తే బంగారం."

స్కేలు తీసుకుంది. తిప్పి చూసింది. ఏమీ లేదు. మళ్ళీ తిప్పింది. రెండు పక్కలా నున్నగా, పిల్ల చొంగతో తడిగా ఉంది.

సెజిమ్ నోరు ఇంకా కదులుతోంది. తర్వాత గుటక వేసింది. తల్లి వైపు చూసి నవ్వింది.

కుందుజ్ వేలు పిల్ల నోట్లోకి వెళ్ళిపోయింది. చిగుళ్ళు, నాలుక కింద, బుగ్గల లోపల. ఉన్న రెండు పళ్ళతో సెజిమ్ కొరికి కెవ్వుమంది. నోట్లో ఏమీ లేదు. అప్పుడు స్కేలుని తివాచీ మీద అటూ ఇటూ రాసింది. అయస్కాంతం ఉంటే దానంతటదే వచ్చి అంటుకోవాలి. తివాచీ అయ్యాక గోడ వార, పొయ్యి కింద. చెక్క సందులో స్కేలు టక్కుమంటే ప్రాణం లేచొచ్చింది. జుట్టుకి పెట్టుకునే పిన్ను, దానికి కొట్టుకుంది అంతే.

"కుందుజ్, ఏంటా పాకడం? వెన్ను తప్ప ఏమీ కనబడట్లేదు," అంది ఫోన్‌లో ఎల్విరా.

"అయస్కాంతాలు కనబడట్లేదు ఎజే."

"స్కేలు మీద పెట్టావుగా?"

"స్కేలు పాప చేతిలో ఉంది."

ఎవరూ నవ్వలేదు. ఆ వెంటనే అందరూ ఒక్కసారి మాట్లాడారు. రొట్టె పెట్టు, దాంతోపాటే పోతుంది. నూనె తాగించు. మావాడు గుండీ మింగితే ఏమైందీ, మర్నాడు డైపర్లో దొరికింది.

"నోళ్ళు ముయ్యండి!" ఎల్విరా గొంతు అంత కటువుగా ఉండగా ఎవరూ ఎప్పుడూ వినలేదు. "గుండీ వేరు. కుందుజ్, నా మాట విను. ఒక్కటైతే దాని దారిన అది పోతుంది. రెండైతే పోవు. పేగు మడతలో ఒకటి ఇటు, ఒకటి అటు చేరి కరుచుకుంటాయి. మధ్యలో పేగు నలిగిపోతుంది. ఏమీ తినిపించకు, తాగించకు. ఇప్పుడే ఆసుపత్రికి పో."

బల్ల మీద పోయినవారం చేసిన చిన్న పెట్టె ఉంది. దాని మూత టక్కుమని మూసుకోవడం కుందుజ్‌కి ఎంతో ముద్దుగా ఉండేది. ముద్దొచ్చి పదేపదే తెరిచి మూసేది. ఇప్పుడా చప్పుడు తన పిల్ల కడుపులోంచి వినిపిస్తున్నట్టు అనిపించి చెవులు మూసుకుంది.

ముందు గదిలో తొక్తోబుబు పిండి పిసుకుతోంది. ఆమెకి చెప్పాలి. కుందుజ్ కాళ్ళు గుమ్మం దగ్గరే ఆగిపోయాయి. "తొమ్మిదో తరగతిలో బడి మానేసింది గానీ మా కోడలు, కాగితాలు కత్తిరించడం మాత్రం మానలేదు," అని వీధంతా వినేలా అనే మనిషి. చెప్పకుండా వెళ్ళిపోదామా అనిపించింది. కానీ బూట్లు ఆమె వెనకే ఉన్నాయి. మొగుడు ఉలాన్ బిష్కెక్ దారిలో బండి నడుపుతున్నాడు, అతనుంటే అతని వెనక దాక్కునేది.

"అపా," అని అత్తని పిలిచింది.

"పిల్లెందుకు ఏడ్చింది?"

"మింగేసింది అపా."

"ఏం మింగింది?"

"నా పెట్టెకి పెట్టే అయస్కాంతం బిళ్ళలు. రెండు. లోపల పేగుని పట్టుకుని నలిపేస్తాయట."

తొక్తోబుబు చేతులు పిండిలో ఆగిపోయాయి. కుందుజ్ తిట్ల కోసం తల వంచి నిలబడింది. తిట్లు రాలేదు.  ఆమె తిట్టనిది ఎప్పుడు? మామగారు పోయిన రోజున తిట్టలేదు.

"బూట్లు వేసుకో. పిల్లకి టోపీ పెట్టు," అని మాత్రం అని, పక్కనున్న అప్పడాల కర్ర పట్టుకునే మంచులోకి వెళ్ళి పక్కింటి జుమాబెక్ గేటు బాదింది.

జుమాబెక్ కారు వెంటనే కదల్లేదు. "ఇది ముసలిదైపోయింది, తిడితే గానీ లేవదు," అన్నాడు, తాళం తిప్పుతూ.

"నేనూ ముసలిదాన్నే, నన్ను తిట్టి చూడు ఏమవుతుందో. పోనీ!" అంది తొక్తోబుబు.

కారు కదిలింది.  కుందుజ్ పిల్ల పొట్టకి చెవి ఆనించింది, కోటు మీంచి ఏమి వినపడుతుందని? గతుకు వచ్చినప్పుడల్లా తన కడుపులోనే ఏదో కరుచుకున్నట్టయింది. సెజిమ్ కళ్ళు మూతలు పడ్డాయి. ఈ వేళకి రోజూ నిద్రపోతుంది. ఇది నిద్రేనా? కుందుజ్ పాప తొడ గిల్లింది. పాప గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు వింటూ తల్లి కాస్త ఊపిరి పీల్చుకుంది. కాసేపటికి మళ్ళీ గిల్లింది.

"చాల్లే, ఒళ్ళంతా కమిలిపోతుంది," అంది తొక్తోబుబు, కిటికీలోంచి చూపు తిప్పకుండా.

ఆసుపత్రిలో నర్సు ఒక్కరినే లోపలికి రానిచ్చింది. తొక్తోబుబు నడవాలో బెంచీ మీద ఉండిపోయింది.

"పైవన్నీ తీసెయ్. బనీను ఉండనీ, గది చల్లగా ఉంది. గుండీలు, గొలుసులు ఏమన్నా ఉన్నాయా ఒంటిమీద?"

"ఏమీ లేవు," అంది కుందుజ్ గట్టిగా.

ఉండాల్సింది ఒకటుంది, పిన్నీసు. దిష్టి తగలకుండా తొక్తోబుబు పిల్ల బనీను లోపల నీలం పూసతో చిన్న పిన్నీసు గుచ్చుతుంది. ఎప్పుడు తెరుచుకుని పిల్లకి గుచ్చుకుంటుందోనని కుందుజ్‌కి హడలు. అత్తతో వాదించలేక పొద్దున్నే బట్టలు వేసేటప్పుడు చప్పుడు చేయకుండా తీసేసి కిటికీ గట్టు మీద పెట్టేస్తుంది. ఈ విషయం ఇద్దరూ ఎప్పుడూ నోరెత్తి అనుకోలేదు. ఇవాళా అలాగే తీసి పెట్టింది.

ఎక్స్‌రే తీసేటప్పుడు పాప చేతులు తనే పట్టుకుంది. ఆ తర్వాత డాక్టరు తెర ముందు కూర్చుని కళ్ళద్దాలు సరిచేసుకున్నాడు. నెరిసిన జుట్టు, నిద్ర చాలని మొహం.

"ఇదిగో. రెండూ ఒకదానికొకటి అతుక్కునే ఉన్నాయి." వేలితో చూపించాడు. బూడిదరంగు పక్కటెముకల కింద తెల్లగా ఒక మచ్చ. ఆయన ముందుకి వంగాడు. "ఆగు. ఈ పక్కన ఏంటిది? పిన్నీసా?"

కుందుజ్ చూసింది. పిన్నీసే. తల, తీగ, మడత, అన్నీ కనబడుతున్నాయి.

కిటికీ గట్టు కళ్ళ ముందు కదిలింది. ఎత్తు తక్కువ గట్టు. సెజిమ్ ఈ మధ్య లేచి నిలబడేది దాన్ని పట్టుకునే. గట్టు మీద ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటుంది. అది తెలిసీ రోజూ అక్కడే పెట్టింది.

"నేనే పెట్టాను," అంది.

"ఏంటి?"

"గట్టు మీద. గుచ్చుకుంటుందని తీసి నేనే అక్కడ పెట్టాను."

"మూసి ఉందో తెరుచుకుని ఉందో ఇందులో తెలియట్లేదు," అన్నాడు డాక్టరు ఫోన్ అందుకుంటూ. "ఇక్కడ మా వల్ల కాదమ్మా. బిష్కెక్ పంపాలి. దారిలో మంచు ఎలా ఉందో కనుక్కుంటా."

బిష్కెక్ అంటే కొండల మధ్య సగం రోజు దారి. అన్ని మలుపులు, అన్ని కుదుపులు, లోపల ఆ రెండు బిళ్ళలు, తెరుచుకున్న పిన్నీసు.  కుందుజ్ పిల్లని జారవిడుస్తానేమోనని భయపడి బల్లకి ఆనుకుంది. సెజిమ్ అమ్మ జడ కొస పట్టుకుని లాగుతోంది.

"ఏం పిన్నీసు?"

గుమ్మంలో తొక్తోబుబు. నర్సు ఆమె చెయ్యి పట్టుకుని వెనక్కి లాగుతోంది, ఆమె కదలట్లేదు.

"మీ మనవరాలు పిన్నీసు కూడా మింగిందండీ," అన్నాడు డాక్టరు.

"అది మింగడమేంటి? దాన్ని పెట్టింది నేను."

నర్సుని విదిలించుకుని వచ్చింది. పిండి ఎండిన వేళ్ళు పిల్ల బనీను లోపలికి, చంక కిందకి పోయాయి. మడత తిరగేసి బయటికి లాగింది. నీలం పూస, పిన్నీసు. పిన్నీసు వెన్నుని గట్టిగా కరుచుకుని, ఒకదాని మీద ఒకటి, రెండు బిళ్ళలు.

 స్కేలుని గుండెకి హత్తుకున్న పిల్ల కుందుజ్ కళ్ళ ముందు మెదిలింది. అక్కడే దూకి ఉంటాయి, బనీను చంక సందులోంచి లోపలి ఇనుము తగలగానే.

డాక్టరు కళ్ళద్దాలు తీసేశాడు. "మీరు పిల్లని పెంచుతున్నారా, ఇనుప సామాన్ల కొట్టు నడుపుతున్నారా?"

బనీను విప్పి మళ్ళీ ఎక్స్‌రే తీశారు. తెర మీద ఎముకలు, కాస్త గాలి, అంతే. ఇంకేమీ లేదు. కుందుజ్ మూడుసార్లు అడిగింది. మూడోసారికి ఆయన కుర్చీ ఖాళీ చేసి, "నువ్వే కూర్చుని చూసుకో," అన్నాడు. ఆమె నిజంగానే కూర్చుని చూసింది.

నడవాలోకి వచ్చాక కుందుజ్ గోడ వార నేల మీద కూలబడింది.

"తీసేశాను కదా అపా. పొద్దున్నే తీశాను."

"తెలుసు. రోజూ తీస్తావు. కిటికీ దగ్గర రోజూ దొరుకుతుంది. మళ్ళీ పెడతాను." తొక్తోబుబు పక్కనే బెంచీ మీద కూర్చుని పిన్నీసు నుంచి బిళ్ళలు ఊడబీకాలని చూస్తోంది, ఊడట్లేదు. "ఇవాళ నీ కంటపడకుండా చంక కింద గుచ్చా."

"చెప్పొచ్చు కదా!"

"నువ్వు చెప్పావా?"

 కంటపడి ఉంటే కుందుజ్ తీసేసేదే. ఆ తర్వాత ఆ బిళ్ళలు ఎటు పోయి ఉండేవో అన్న ఆలోచన అక్కడిదాకా వెళ్ళి ఆగిపోయింది, దాన్ని దాటి పోనివ్వలేదు. తొక్తోబుబు కూడా ఏదో ఆలోచిస్తూనే ఉంది. చివరికి పిన్నీసు తెరిచి, మొనని బొటనవేలితో తాకి చూసింది.

"పూసని దారంతో కుట్టేస్తాలే," అంది, ఎటో చూస్తూ.

ఇల్లు చేరేసరికి సాయంత్రమైంది. వంటింట్లో ఛార్జరుకి తగిలించిన ఫోన్ అలాగే జామ్ సీసాకి ఆని ఉంది. తెర మీద ఎల్విరా ఎజే చేతులు కట్టుకుని కూర్చునుంది. పక్క గడుల్లో జిపార్, మిగతావాళ్ళు. ఎవరి ముందూ కాగితం లేదు. ఖాళీ వంటిల్లు చూస్తూ ఇంతసేపూ అలాగే కూర్చున్నారు.

"కుందుజ్! పాప?"

కుందుజ్ పాపని కోటు చాటుకి తిప్పుకుని అలాగే నిలబడిపోయింది.  జిపార్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అలా నిలబడి వాళ్ళ ప్రాణం తీస్తావేం? చూపించు పిల్లని," అంది వెనక నుంచి తొక్తోబుబు.

"ఫోన్‌లోనా అపా?"

"చూపించమంటున్నాగా."

కుందుజ్ సెజిమ్‌ని ఎత్తి పట్టుకుంది. అవతల ఒకరు ఏడ్చారు, ఒకరు నవ్వారు, అందరూ ఒకేసారి దేవుడికి దండాలు పెట్టారు. తొక్తోబుబు తెర వైపు తిరిగి దిష్టి పోయేలా తుఫ్ తుఫ్ తుఫ్ అంది, మీరూ అనండి అంది. ఓష్ నుంచి మాస్కో దాకా ఆడవాళ్ళందరూ తుఫ్ తుఫ్ మన్నారు.

"మూతకి రిబ్బను కట్టుకుందాం," అంది ఎల్విరా, కళ్ళు తుడుచుకుని. "అందరం. ఈ బిళ్ళల జోలికి పోవద్దు, పిల్లలున్న ఇంట్లో నేను నేర్పాల్సింది కాదు."

"రిబ్బనెందుకు, దారం ఉంది," అంది తొక్తోబుబు. శనివారానికి పేనిన నలుపూ తెలుపూ దారంలో మిగిలిన ముక్క తెచ్చి పెట్టె చుట్టూ తిప్పి ముడి వేసింది. ముడి వంకరగా పడింది. "మీ మంతీ కంటే నయమేనా?" అని ఫోన్‌ని అడిగింది. జిపార్ పకపకా నవ్వింది.

ఆ నవ్వుల మధ్య సెజిమ్ పెదవులు బిగించి ఏదో నమిలింది.

కుందుజ్ వేలు అప్పటికే నోట్లో ఉంది. చిగుళ్ళు, నాలుక కింద, బుగ్గల లోపల. ఏమీ లేదు. రెండు పళ్ళే. పాప వాటితో వేలిని గట్టిగా కొరికి పట్టుకుంది. కుందుజ్ వేలు వెనక్కి తీసుకోలేదు.