బస్ స్టాపు దాకా పరిచిన చాప

ఒక్క మాట సూటిగా అడుగుతాను, దాటవేయకుండా చెప్పండి. మిమ్మల్ని ప్రేమగా తిట్టేవాళ్ళు ఈ రోజుకి ఎంతమంది మిగిలారు? వేళ్ళు మడవండి. ఒక్క చెయ్యి సరిపోయిందా? అయితే మా దీవుల రాజధాని సూవాలో, సమంబులా గుట్ట మీద కెలేరా పెట్టిన కంపెనీ సంగతి మీరు వినాల్సిందే.

కంపెనీ అంటే అద్దాల మేడ కాదు, బూబు ఇంటి ముందుగది. బూబు అంటే కెలేరా నాయనమ్మ తరాయివీని. ఆమె తెల్లారగానే గది ఊడ్చి, మొగలాకు చాప దులిపి పరిచేది. ఎనిమిదింటికి కెలేరా కంప్యూటరు ఒళ్ళో పెట్టుకుని ఆ చాప మీద కూర్చునేది. కాసేపటికి ప్రనీల్ గుమ్మం ముందు చెప్పులు విడిచి, వాళ్ళమ్మ చుట్టిచ్చిన రోటీల పొట్లంతో వచ్చేవాడు. కాలేజీ నుంచీ జంట బుర్రలు వాళ్ళు. ఆమె ఊహించేది, అతను దాన్ని నడిచేలా చేసేవాడు. అలా పుట్టిన వెబ్‌సైటు పేరు ఇంబే. మా భాషలో చాప అని. మూడొందల పైచిలుకు దీవుల్లో చెదిరి ఉన్న మనుషులు ఒకే చాప మీద కూర్చున్నట్టు మాట్లాడుకోవాలి. వాళ్ళ ఆశ అంతే.

ఇంబేలో ఎవరైనా కొత్తగా చేరి నోరు విప్పితే బూబు చాప ఒక పాయ పెరిగేది. మొదటి నెలకే గది నిండింది. మూడో నెలకి గడప దాటి మెట్లు దిగింది. ఆరో నెలకి రోడ్డు వారగా బస్ స్టాపు చేరింది. అక్కడ నిలబడేవాళ్ళు చెప్పులు విప్పి చేత పట్టుకునేవారు. మునిసిపాలిటీ మనిషి వచ్చి, వానొస్తే మాత్రం మడవండమ్మా అని చెప్పి వెళ్ళాడు. బూబు ఫిర్యాదు ఒక్కటే, ఊడ్చే చోటు ఎక్కువైందని.

ఇంతకీ ఇంబేలో జనం ఏం చేసేవారు? తిట్టుకునేవారు. మా దగ్గర కొన్ని ఊళ్ళ మూలదేవతలు తోబుట్టువులు. ఆ ఊళ్ళవాళ్ళు ఒకరికొకరు తౌవు. తౌవు ఎదురైతే ముందు తిట్టాలి. తర్వాత అతని దగ్గర నచ్చిన వస్తువు తీసేసుకోవాలి. అతను కిక్కురుమనకూడదు. మర్యాదగా నమస్కారం పెడితే మాత్రం, నేనేం తప్పు చేశానని కుమిలిపోతాడు. బూబుది నైసాలా ఊరు. ఎదురు దీవి వటులోవా వాళ్ళంతా ఆమెకి తౌవులు. డెబ్బై ఆరేళ్ళ మనిషి ఒక్క వేలితో తిట్లు టైపు చేస్తూ కూర్చుంటే కెలేరా కడుపు నిండిపోయేది.

కానీ సైటు పెరిగేకొద్దీ ఖర్చూ పెరిగింది. బ్రిస్బేన్‌లోని ఒక కంపెనీ పెట్టుబడి పెడతానంది. నెలాఖరులోగా వాళ్ళ సంతకం పడకపోతే ఇంబే మూతే. కెలేరా నాండీలో హోటల్ కౌంటరు వెనక నవ్వుతూ నిలబడాలి, ప్రనీల్ వాళ్ళ బాబాయి టైర్ల కొట్టుకి పోవాలి.

ఆ కంపెనీ తరఫున డెల్ఫిన్ అనే ఆవిడ ఉత్తరం రాసింది. "మీ సైటులో ఒకాయన ఒక ముసలావిడని, నీ తలకాయ సొరచేపకి వేస్తే అదీ కక్కేస్తుంది అన్నాడు. ఇలాంటివి ఆగాలి. ఒప్పందంలో తొమ్మిదో షరతు అదే."

ఆ ముసలావిడ బూబు. ఆ మాటని వారం రోజులు అందరికీ చూపించుకుని మురిసిపోయింది.

"ఇది మన పద్ధతని ఆవిడకి రాద్దాం," అన్నాడు ప్రనీల్.

"పెద్ద సైట్లన్నీ ఇలాగే చేస్తాయి. పెద్దవాళ్ళమవ్వాలంటే మనమూ చెయ్యాలి. రాయి నువ్వు," అంది కెలేరా.

ప్రనీల్ రెండ్రోజుల్లో తిట్లు పట్టే జల్లెడ రాసేశాడు. తిట్టు కనబడితే చాలు, పంపినవాళ్ళకి తెలియకుండా మింగేస్తుంది. ఇంబేలోంచి ఒక్కరూ వెళ్ళిపోలేదు. కాకపోతే తిట్లకి తిట్లు తిరిగి రాక అందరూ మర్యాదస్తులైపోయి, శుభోదయం అని రాసి ఊరుకునేవారు. బస్ స్టాపులో జనం మళ్ళీ చెప్పులు వేసుకుని నిలబడసాగారు. చాప మెట్లెక్కింది. గడప దాటి లోపలికి వచ్చింది. ఎండకి ముడుచుకుంటోందిలే అంది కెలేరా.

గురువారం డెల్ఫిన్ వచ్చింది. పొడుగు మనిషి, గడ్డి టోపీ, చేతిలో ఒప్పందం కాగితాలు. అప్పటికి చాప మీద ముగ్గురికే చోటుంది. అతిథిని కటిక నేల మీద కూర్చోబెట్టలేరు. కుర్చీ వేస్తే ఆవిడ తల బూబు తల కంటే ఎత్తులో ఉంటుంది, అది ఇంకా పెద్ద తప్పు. పాపం ఆవిడ ఒక కాలు చాప అంచున ఆనించి, రెండోది ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడింది.

సరిగ్గా అప్పుడే వైసాకే గుమ్మంలోకి వచ్చాడు. వటులోవా మనిషి, ఆ రూటు బస్సు డ్రైవరు. కడుపు కోయించుకుని పది రోజులకి ఆస్పత్రి నుంచి ఆ ఉదయమే బయటపడ్డాడు. మొహం వేలాడిపోయి ఉంది.

"తరాయివీని, నా మీద నీకేం కోపం?" అన్నాడు.

పేరు పెట్టి, అంత మెత్తగా అతను పిలవడం బూబు ఏనాడూ ఎరగదు. "ఏమైందిరా నీకు?"

"పది రోజులు మంచం మీద ఫోను పట్టుకుని పడున్నా. ఒక్క తౌవు తిట్టలేదు. అందరూ త్వరగా కోలుకోవాలి అంటారు. నేను పోతున్నాననీ, నాకు చెప్పడం లేదనీ అనుకున్నా."

"నలభై పంపానురా నీకు! నీ పేగులు కుక్కలక్కూడా పనికిరావని మొదటి రోజే రాశా."

ప్రనీల్ కెలేరా వైపు చూశాడు. కెలేరా తన కాళ్ళ వైపు చూసుకుంది. చాప అంచు ఆమె మడమ కిందనుంచి జారిపోతోంది.

"జల్లెడ తీసెయ్," అంది.

"మరి సంతకం?"

"ముందు తియ్యి."

తీశాడు. అది మింగిన తిట్లన్నీ బయటపడి వైసాకే జేబులో ఫోను మోగి, ఆగి, మళ్ళీ మోగి, ఇక ఆగలేదు. అతను గుమ్మంలోనే చతికిలబడి ఒక్కొక్కటే చదువుకున్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. కుట్లు పట్టుకుని నవ్వాడు. తర్వాత తలెత్తి డెల్ఫిన్‌ని చూశాడు.

"ఎవరీ కొంగ? చేప కోసం ఒంటికాలి మీద కాచుకున్నట్టుంది."

డెల్ఫిన్ అతని కడుపు కట్టు వైపు చూసింది.

"డాక్టర్లు కడుపు కోయబోయి మెదడు తీసేసినట్టున్నారు," అంది. "వెళ్ళి అడగండి, ఇంకా పారేసి ఉండరు."

ముందు బూబు నవ్వింది. డెల్ఫిన్ రెండో కాలి కిందకి చాప మెల్లగా పాకింది. ఆవిడ కూర్చుంది. కొబ్బరి చిప్పలో యంగోనా వేరు పానీయం పోసిస్తే పద్ధతి ప్రకారం చప్పట్లు చరిచి తాగింది.

"తొమ్మిదో షరతుకి మేం ఒప్పుకోం మేడమ్," అంది కెలేరా. "తిట్టిన వాళ్ళనీ తిట్టించుకున్న వాళ్ళనీ ముందు అడుగుతాం. నొచ్చుకున్నానంటే తీసేస్తాం. యంత్రం చేత మాత్రం తీయించం."

"మా లాయర్లు వినరు," అంది డెల్ఫిన్. సంతకం పెట్టకుండానే లేచింది. గుమ్మంలో వైసాకే ఆవిడ టోపీ తీసి తన నెత్తిన పెట్టుకున్నాడు. ఆవిడ ఒక్క క్షణం ఆగి, ఏమీ అనకుండా మెట్లు దిగింది.

నెలాఖరుకి ఒక రోజు ముందు కవరొచ్చింది. సంతకం ఉంది. తొమ్మిదో షరతు మీద అడ్డంగా గీత, పక్కన కెలేరా అన్న మాటలే రాసి ఉన్నాయి. వెంట చిన్న చీటీ: "టోపీ పెట్టుకున్న ఫోటో ఇంబేలో చూశాను. ఆ కోతికి అస్సలు నప్పలేదు. అయినా ఉంచుకోమనండి."

బూబు దాన్ని నాలుగుసార్లు చదివించుకుంది. "ఈ పిల్ల మన తౌవే," అని తేల్చేసింది.

చాప ఇప్పుడు మార్కెట్ దాటి రేవు దాకా వెళ్ళింది. వైసాకే ఆ టోపీతోనే బస్సు నడుపుతున్నాడు.

ఇక మీ వంతు. ఇందాక వేళ్ళు మడిచారు కదా, మడవకుండా వదిలేసిన వేలు ఒకటుంది. అది ఎవరి పేర మడవాల్సిందో మీకు తెలుసు. ఈ పూటే ఫోను తీయండి. బాగున్నావా అని అడగకండి, తిట్టండి. తిట్టే ముందు మీ గుమ్మంలో చెప్పులు కాస్త పక్కకి జరపండి. చాప రావాలి కదా.